కావాలని పెట్టిన తప్పు

నాలుగు పేజీల జవాబు చదవడం అయ్యాక సుజన కాగితాలు బల్లమీద పెట్టి తన వేళ్ళ వంక చూసుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిదరంగు పొడి అంటుకొని ఉంది. రుద్దితే రాలిపోలేదు. వేలిగీతల్లోకి ఇంకా సన్నగా దిగింది. సుద్దముక్క పొడి కాదు. కిటికీ సందుల్లోంచి వచ్చే ఎర్రదుమ్మూ కాదు.

జవాబు తప్పయ్యుంటే ఆమె ఆ పొడిని పట్టించుకునేది కాదు. జవాబు ఒప్పు. అదే ఆమెకు మింగుడు పడలేదు.

సుజన సొంతూరు డోన్. కడప ఊరి బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఆరేళ్ళుగా పాఠాలు చెబుతోంది. ఈ ఏడు మూడో సంవత్సరం పిల్లలకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే పని ఆమెకు వచ్చింది. కంప్యూటరులో అన్నిటికన్నా అడుగున ఉండి, ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడవాలి, దేనికెంత జాగా ఇవ్వాలి అని చూసుకునేది కెర్నెల్. ఇప్పటి సర్వర్లలో, ఫోన్లలో నడిచే కెర్నెల్ మూడు కోట్ల లైన్లు దాటింది. దాన్ని చూపించి నేర్చుకోమంటే గండికోటను చూపించి తాపీపని నేర్చుకోమన్నట్టే. అందుకని ఆమె యాభై ఏళ్ళ కిందటి యూనిక్స్ పద్ధతిలో, చదువు కోసమే రాసిన ఒక చిన్న కెర్నెల్ తీసుకుంది. మొత్తం పదివేల లైన్లు కూడా లేవు. ప్రింటు తీస్తే ఒక కట్ట. ఓపిక ఉన్న మనిషి మొదటినుంచీ చివరిదాకా చదివి తలలో పెట్టుకోవచ్చు. తను ఎం.టెక్. చదివేటప్పుడు అలాగే నేర్చుకుంది.

హెచ్.ఓ.డి. వేణుగోపాల్ గారికి ఇది మొదటినుంచీ నచ్చలేదు. "ఏమ్మా సుజనా, లోకమంతా ఏఐ ఏఐ అంటాంటే నువ్వు పాత ఇనుము అంగడి పెట్టినావే" అని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ అన్నారు.

"పాత బండి బానెట్ తీస్తే ఇంజన్ కనపడతాది సార్. కొత్త బండిలో ప్లాస్టిక్ మూత కనపడతాది" అంది సుజన. ఆయన నవ్వలేదు.

అరవై రెండు మంది పిల్లలకు ఆమె మొదటి అసైన్‌మెంటు ఇచ్చింది. ఒక ప్రోగ్రాము వాడుకునేదాన్ని అదే సమయంలో ఇంకొకటి ముట్టుకోకుండా కాసేదాన్ని తాళం అంటారు. ఆ పాత కోడులో, ఒక ప్రోగ్రాము నింపినదాన్ని ఇంకో ప్రోగ్రాము చదువుకునే చోట, తాళాల లైన్లు రెండింటిని అటూ ఇటూ మార్చి ఇచ్చింది. అలా మార్చిన కెర్నెల్ బాగానే నడుస్తుంది. ముప్పైసార్లకు ఒకసారి మాత్రం కదలకుండా నిలబడిపోతుంది. ఎందుకు నిలబడిపోతోందో మూడు వారాల్లో కనిపెట్టి, చేత్తో రాసి, కారణం చెప్పాలి. తెలుగులో రాసినా సరే. ఏఐని అడిగి తెచ్చిన జవాబులు ఇరవైదాకా వచ్చాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఐదారు కారణాలు వరుసగా చెప్పి, ఏదో ఒకటి కాకపోతుందా అని వదిలేసినవి.

వీరభద్ర జవాబులో ఒకటే కారణం ఉంది.

"చదివేవాడు వచ్చి చూసినాడు, సంచి ఖాళీ. పడుకుందామనుకున్నాడు. చేతిలో తాళం వదిలేసినాడు. ఇంగా పడుకోలేదు. అంతలో రాసేవాడు వచ్చి సంచి నింపి, పడుకున్నోళ్ళంతా లెయ్యండని అరిచి పోయినాడు. పడుకోనోన్ని ఎవరు లేపుతారు? వాడు ఆ తర్వాత పడుకున్నాడు. ఇంగ వాన్ని లేపే దిక్కు లేదు. ముందు తన తాళం పట్టుకొని, ఆ తర్వాతనే చేతిలో తాళం వదలాల. ఈ రెండు లైన్లు కిందామీదా అయినాయి."

కింద రెండు గీతలు గీసి, ఏ క్షణంలో ఎవరు ఎక్కడున్నారో బొమ్మ వేసి ఉంది. ఆ బొమ్మను సుజన బోర్డు మీద అంత తేటగా వేయలేదు.

వీరభద్ర కిటికీ పక్క మూడో బెంచీలో కూర్చుంటాడు. రెండు సబ్జెక్టులు తప్పాడు. వాళ్ళ నాయనా అమ్మా ఆలూరు పక్క పల్లెనుంచి మంగంపేట గనుల్లో కూలికి వచ్చి అక్కడే ఉండిపోయారు. హాస్టల్లో ఉంటాడు, శనివారం శనివారం ఊరికి పోతాడు. క్లాసులో నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగిన గుర్తు లేదు. సుజన అతని రికార్డు పుస్తకం తెప్పించి చేతిరాత పోల్చి చూసింది. రాత అతనిదే.

మధ్యాహ్నం పిలిపించింది. వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఇది నువ్వే రాసినావా?"

"నేనే మేడమ్."

"శానా బాగుండాది. చెప్పు, చదివేవాడు ఎందుకు లేయలేదు?"

వీరభద్ర కాగితంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాడు. ఎక్కడా తడబడలేదు. సుజన తల ఊపుతూ విని, "సరే. లేపేవాడు గూడ పడుకున్నోని తాళం పట్టుకొనే చూడాలంటాం గదా. పట్టుకోకుంటే ఏమైతాది?" అంది.

వీరభద్ర నేల చూపులు చూశాడు.

"ఎవరు చెప్పినారప్పా నీకు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. నా చేతిరాతే, చూడండి."

"చెయ్యి నీదేలే. బుర్ర ఎవరిది?"

ఏడుస్తాడేమో అనుకుంది గానీ ఏడవలేదు. పెదవి బిగించి నిలబడ్డాడు. దొరికిపోయినవాడి ముఖం కాదది. ఎవరికో ఇచ్చిన మాట మీద నిలబడ్డవాడి ముఖం. ఆమె అనుమానం ఇంకా పెరిగింది.

ఈ సంగతి సాయంత్రానికే వేణుగోపాల్ గారి చెవిన పడింది. ఆయన గదికి పిలిచి, తలుపు మూయమన్నారు.

"రెండు సబ్జెక్టులు తప్పినోడు కరెక్టు జవాబు రాసినాడంట. సరైన జవాబు కాలేజీ మొత్తంలో ఎవరి దగ్గరుండాది?"

"నా దగ్గర సార్."

"నీ దగ్గర తప్ప?"

"ఇంకెవరి దగ్గరా లేదు."

"మరి నేను ఎవరిని అడగాల చెప్పు?" అన్నారాయన. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రోజునుంచీ సుజన సొరుగుకు తాళం వేసుకోవడం మొదలుపెట్టింది. పాస్‌వర్డులు మార్చింది. పెన్‌డ్రైవు హ్యాండ్‌బ్యాగులో వేసుకొని బ్యాగు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. పక్క సీటు శ్రీవాసవి మేడమ్ నీళ్ళ సీసా కోసం వంగినా ఉలిక్కిపడి స్క్రీను తిప్పేది. నాలుగు రోజులకు శ్రీవాసవి తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది. ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి.

రెండో అసైన్‌మెంటు సుజన ఉచ్చులాగా పన్నింది. జవాబు ఎక్కడా రాసిపెట్టలేదు, ఏ ఫైలులోనూ లేదు. తన తలలో మాత్రమే ఉంది. ఈసారి తీసేసింది ఒక చిన్న తనిఖీ. ప్రోగ్రాములు కెర్నెల్‌ను పని అడిగేటప్పుడు ఒక అడ్రసు ఇస్తాయి. కెర్నెల్ ఆ అడ్రసును నమ్మకూడదు. అది నిజంగా ఆ ప్రోగ్రాము జాగాలోదేనా అని రెండు విధాల చూసుకోవాలి. ఆ రెండింటిలో మొదటిది కొట్టేసింది. పైకి చూస్తే రెండోది ఒక్కటే చాలనిపిస్తుంది. జవాబుతోపాటు, ఇచ్చిన ప్రింటౌటు కూడా తిరిగి ఇవ్వాలని కొత్త నియమం పెట్టింది. ఎవరు ఎక్కడ గీతలు పెట్టారో చూడాలని.

సోమవారం వీరభద్ర తన కట్ట తెచ్చి బల్లమీద పెట్టి, కళ్ళు కలపకుండా వెళ్ళిపోయాడు.

మళ్ళీ అదే బూడిదరంగు పొడి. ఈసారి ప్రింటౌటు నిండా ఉంది. పేజీ మూలల్లో వేలిముద్రలు స్పష్టంగా పడ్డాయి. మార్జిన్లలో అక్కడక్కడా సన్నటి పెన్సిల్ రాత. ఇది వీరభద్ర రాత కాదు. గుండ్రంగా, ఒత్తకుండా, చెరపడానికి వీలుగా రాసిన రాత. చెరపడం అతను మరిచిపోయాడు.

ఆమె తనిఖీ తీసేసిన చోట ఇలా ఉంది: "ఒక్క పరీక్షే చాలదు. శానా పెద్ద అంకె ఇచ్చి దానికి కూడితే, మిల్లులో సంచుల మీటరు 9999 తర్వాత 0000కు పోయినట్టు, చుట్టు తిరిగి చిన్న అంకె అయితాది. అప్పుడు దొంగ అడ్రసు గూడ దొర అయితాది. ఇది మేడమ్ కావాలని తీసేసినట్టుండాది."

సుజన పేజీలు గబగబా తిప్పింది. పద్నాలుగో పేజీలో మళ్ళీ పెన్సిల్ రాత. అక్కడ ఆమె ఏమీ తీయలేదు. ఖాళీ మెమరీ పేజీలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టే చిన్న ఫంక్షనొకటి పిల్లల సౌకర్యం కోసం తనే రాసి పాత కోడులో చేర్చింది.

"ఇది కావాలని పెట్టిన తప్పు కాదనుకుంటా. తాళం పట్టుకోకుండా జాబితా మీద నడుస్తాండారు. చూసుకోమని మేడమ్‌కు ఎట్ల చెప్పాలో."

సుజన తన కోడు మూడుసార్లు చదువుకుంది. మూడోసారికి చెవులు వేడెక్కాయి. తప్పే. పాఠాలు మొదలైనప్పటినుంచీ ఆ ఫంక్షన్ అలాగే ఉంది. అరవైమంది పిల్లలూ, తనూ, ఎవరూ చూడలేదు. తన తప్పును ముక్కూమొహం తెలియని మనిషి ఇంత మర్యాదగా వేలుపెట్టి చూపడం ఆమెకు సిగ్గుకన్నా ముందు కోపం తెప్పించింది. ఎవరు నన్ను ఇలా చదువుతున్నది? ఏం కావాలి వాళ్ళకు?

మిల్లు, సంచులు, బూడిదరంగు పొడి. వీరభద్రది మంగంపేట. అక్కడ గనుల్లో తవ్వేది ముగ్గురాయి, అంటే బెరైటీస్. ఆ రాయిని పొడికొట్టే మిల్లులు ఊరిచుట్టూ ఉన్నాయి.

శుక్రవారం క్లాసు అయ్యాక వీరభద్రను ఆపింది. "ఆదివారం మీ ఊరికి వస్తాండా. నాకు దోవ చూపియ్యాల."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మేడమ్, నన్ను ఏమన్నా అనండి. ఆయక్కను మాత్రం ఏమీ అనొద్దండి. మిల్లులో కూచొని ఇవన్నీ చదువుతాదని తెలిస్తే ఆయక్కకు పనిపోతాది."

"ఏ అక్క?"

నోరు జారినట్టు అప్పుడు తెలిసింది అతనికి.

ఆదివారం పొద్దున తిరుపతి బస్సు ఎక్కింది సుజన. ఒంటిమిట్టలో గుడికి పోయేవాళ్ళు సగం బస్సు ఖాళీ చేసి దిగారు. రాజంపేట దాటాక ఎండ ముదిరింది. మంగంపేట దారి దగ్గర వీరభద్ర ఎవరిదో బండి తెచ్చి నిలబడి ఉన్నాడు. ఊరు దగ్గరయ్యేకొద్దీ వేపచెట్లు, రేకుల కప్పులు, ఆరేసిన బట్టలు కూడా ఒకే రంగుకు తిరిగాయి. సుజన చెయ్యి చూసుకుంది. బండి కడ్డీ పట్టుకున్నచోట అదే పొడి.

మిల్లుల వెనక వరసలో, వీరభద్ర వాళ్ళింటి పక్కన, ఒక రెండు గదుల ఇల్లు. గడపలో నడివయసు మనిషి అడ్డంగా నిలబడి ఉన్నాడు. టిప్పరు డ్రైవరు, పేరు లేవి అని దారిలోనే వీరభద్ర చెప్పాడు. వాళ్ళావిడ ఏసుమణే ఆ అక్క.

"మేడమ్, మీరు మిల్లోళ్ళ తరపున వచ్చినారా, కాలేజీ తరపునా?" అన్నాడు లేవి.

"నా తరపున వచ్చినా."

"అట్ల ఎవరూ రారు" అన్నాడు గానీ పక్కకు జరిగాడు.

లోపల ఏసుమణి ఉంది. నలభైకి దగ్గర పడ్డ మనిషి, తలకు చుట్టుకున్న తువ్వాలు ఇంకా విప్పలేదు. అప్పుడే షిఫ్టు దిగి వచ్చినట్టుంది. కుర్చీ చూపించింది, తను కూర్చోలేదు.

"ఈ పెన్సిల్ రాత మీదేనా?" సుజన కట్ట తీసి చూపింది.

"నాకేం తెలుసు మేడమ్. మిల్లులో ప్యానెల్ కాడ మిషన్ ఆన్ చేసేది ఆఫ్ చేసేది, అంతే నా పని. ఇంగ్లీషు కాయితాలు నాకెందుకు?"

వీరభద్ర ఏదో అనబోయాడు. ఏసుమణి అతని వైపు చూసింది. ఆగిపోయాడు.

సుజన ఆ చూపు పట్టుకుంది. బస్సులో వస్తూ అనుకున్న పని ఇప్పుడు చేసింది. పద్నాలుగో పేజీ తీసి మడతపెట్టి, "సరే, ఎవరో రాసినారు. కానీ రాసినోళ్ళకు సరిగ్గా తెల్దు" అంది. "ఈ ఫంక్షన్ జాబితాను చదువుతాది, అంతే. దేన్నీ మార్చదు. ఊరికే చదివేదానికి తాళం ఎందుకు? వృథా. నేను రాసింది ఒప్పే."

ఏసుమణి చెంబుతో నీళ్ళు పోసుకొని చేతులు కడుక్కుంటోంది. చేతులు కడగడం అయిపోయాక కూడా నీళ్ళు పోస్తూనే ఉంది.

"ఎవరన్నా కొత్తోళ్ళు రాసింటారు" అంది సుజన పేజీ లోపల పెడుతూ.

"యాడ ఒప్పు?" అంది ఏసుమణి.

సుజన పేజీ మళ్ళీ బయటికి తీసింది.

"మీరు ఒక ఖాళీ మెమరీ పేజీ మీద నిలబడి, తర్వాతి పేజీ యాడుండాదో దాంట్లో రాసింది చూసుకొని పోతాండారు. మీరు చూసే లోపల ఇంకొకరు ఆ పేజీనే తీసుకొని వాడుకునేకి మొదలుపెట్టినారు. దాంట్లో అడ్రసు తుడిచేసి వాళ్ళది ఏదో రాసుకున్నారు. అది ఇంగ అడ్రసు కాదు, చెత్త. ఆ చెత్త పట్టుకొని యాడికి పోతారు మీరు? మార్చకుంటే మాత్రం? మార్చేవాడు ఇంకొకడు ఉండాడు గదా!"

తడి చేత్తో పేజీ లాక్కుని వేలు పెట్టి చూపించింది. అప్పుడు సుజన ముఖం చూసింది. చూసి, పేజీ వదిలేసింది.

"అర్థమైంది. దీనికోసం అన్నారు ఆ మాట" అంది నెమ్మదిగా. "ఆ పొద్దు స్క్వాడోళ్ళు గూడ ఇట్లనే తీపిగా మాట్లాడిచ్చినారు."

"ఏ స్క్వాడు?"

లేవి గడపలో నుంచే చెప్పాడు. ఇరవై ఏళ్ళ కిందట ఏసుమణి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివేది. చివరి ఏడు మైక్రోప్రాసెసర్ పరీక్షలో ఈమె రాసిన ప్రోగ్రాము, పేపరు దిద్దేవాళ్ళ దగ్గరున్న జవాబుకన్నా నాలుగు లైన్లు పొట్టిగా ఉండి కూడా సరిగ్గా పనిచేసేదట. ఎవరో పెద్దవాళ్ళు రాసిచ్చారని అన్నారు. పరీక్షల్లో కాపీలు పట్టే స్క్వాడువాళ్ళు పిలిచి అడిగారు. ఈమె భయపడి సరిగ్గా చెప్పలేకపోయింది. రెండేళ్ళు డిబార్ చేశారు. ఆ రెండేళ్ళలో వాళ్ళ నాయన చచ్చిపోయాడు, ఈమె మిల్లులో చేరింది.

"అప్పుడు చెప్పలేకపోతి గాబట్టి దొంగనైతి. ఇప్పుడు చెప్తి గాబట్టి దొంగనైతి" అంది ఏసుమణి. "కూచోండి మేడమ్, నీళ్ళు తాగండి. ఆ పైన ఏం రాసుకుంటారో రాసుకోండి."

సుజన నీళ్ళ గ్లాసు పట్టుకొని కూర్చుంది. తను కనిపెట్టాలనుకున్నది కనిపెట్టింది. అనుమానం నిజమే అయింది. కానీ గెలిచినట్టు లేదు. వీరభద్రను తలుపు దగ్గర నిలబెట్టి అడిగిన తన గొంతు ఇంకొకరి గొంతులా చెవిలో వినిపించింది.

"నేను చెప్పింది అబద్ధం" అంది చివరికి. "మీరు రాసిందే ఒప్పు. ఆ తప్పు నాదే. కావాలని పెట్టింది కాదు. మీకు కోపం వస్తే బయట పడతారని అట్ల అన్నా. తప్పు చేసినా."

ఏసుమణి ఆమెను కాసేపు పరీక్షగా చూసింది. నమ్మినట్టు లేదు. "పిల్లోని మార్కులు తీసేస్తారా?"

"తీసేస్తా. రెండిట్లోనూ సున్నా."

లేవి నోరు తెరిచాడు. ఏసుమణి చెయ్యి అడ్డం పెట్టింది. "తీసేయండి. రాసుకునే ముందు అర్థం చేసుకోరా అని శానాసార్లు చెప్తి. నేను చెప్పేది, వాడు రాసేది. వాని మార్కుల కోసం చేసింది గాదు మేడమ్. ఆ కట్ట నా దగ్గర నాలుగు దినాలు ఎక్కువ ఉంటాదని."

"ఎందుకు?"

"డిప్లొమాలో మా సార్‌ను అడిగినా, కరెంటు వచ్చినాక మొట్టమొదట ఏమైతాది లోపల అని. అది మీ సిలబస్‌లో లేదు అన్నాడు. దీంట్లో ఉండాది. మొదటి లైనునుంచీ ఉండాది. ఇంత చిన్నదా అనిపించింది. ఇంత చిన్నది గాబట్టే నాకు అగపడింది." మొదటిసారి ఆమె గొంతులో బిగువు సడలింది. వెంటనే మళ్ళీ బిగిసింది. "ఫైళ్ళ భాగం యాడుండాది? వీడు తేలేదు."

"అది క్లాసులో ఇంకా ఇవ్వలేదు. పంపిస్తా. ల్యాబ్‌కు రండి, మిషన్ మీద నడిపి చూడచ్చు."

"ఆడికి పిలిచి అందరి ముందర నన్ను కూచోబెట్టి వైవా చేసేకా? నేను రాను మేడమ్."

సోమవారం సుజన హెచ్.ఓ.డి. గదిలో జరిగింది జరిగినట్టు చెప్పింది. వేణుగోపాల్ గారు కుర్చీ వెనక్కి వాల్చి విన్నారు.

"కథ బాగుండాదమ్మా. మిల్లులో పనిచేసే ఆయమ్మ నీ కోడులో తప్పు పట్టిందా!"

సుజన పద్నాలుగో పేజీ, దాని పక్కన తన తప్పును ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం బల్లమీద పెట్టింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని రెండూ చదివారు. పేజీ కన్నా ఆ సంతకం వైపే ఎక్కువసేపు చూశారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక లెక్చరరు తన తప్పు తనే రాసి తెచ్చివ్వడం ఆయన చూసి ఉండరు.

"ఆయమ్మ వస్తే ఒక్క ఆదివారం ల్యాబ్ తెరుస్తా. నేను గూడ ఉంటా. నా కళ్ళతో చూడాల" అన్నారు.

వీరభద్రకు రెండు సున్నాలు పడ్డాయి. మూడో అసైన్‌మెంటు తనే చేశాడు. ఇరవైకి ఆరు వచ్చాయి. ఆ ఆరు మార్కులకు ఏ ప్రశ్న వేసినా జవాబు చెప్పాడు. ఫైళ్ళ భాగం కట్ట, వస్తే ఆదివారం ల్యాబ్ తెరుస్తామన్న మాట అతని చేతే మంగంపేటకు పంపింది సుజన. కబురు మాత్రం ఏమీ రాలేదు. ఒక వారం, రెండు వారాలు, మూడు. ఆమెకు మళ్ళీ అనుమానాలు మొదలయ్యాయి. భయపడి చించేసిందేమో. మిల్లులో ఎవరికైనా తెలిసిందేమో. లేదా తను అనుకున్నంత ఏమీ లేదేమో, రెండుసార్లు అదృష్టం కలిసొచ్చిందేమో.

నాలుగో ఆదివారం పదిన్నరకు వాచ్‌మన్ ఫోను చేశాడు. "మేడమ్, ఎవరో మొగుడూ పెండ్లాము వచ్చినారు. ల్యాబ్‌లోకి పోవాలంటాండారు. చూస్తే స్టూడెంట్ల మాదిరి లేరు."

సుజన ఆటో పట్టుకొని వచ్చేసరికి లేవి, ఏసుమణి గేటు బయట ఎండలో నిలబడి ఉన్నారు. వాచ్‌మన్ వాళ్ళ సంచి విప్పించి చూశాడు. అందులో మూడు కట్టల కాగితాలు, ఒక టిఫిన్ క్యారియరు ఉన్నాయి. అరగంటకు వేణుగోపాల్ గారు కూడా వచ్చారు.

ఏసుమణి మిషన్ ముందు కూర్చుంది గానీ కీబోర్డు ముట్టుకోలేదు. "దీంట్లో ఉండేది, నా కాయితాల్లో ఉండేది ఒకటేనా?"

"ఒకటే."

"చూస్తా."

స్క్రీను మీద ఒక్కో పేజీ తెప్పించుకొని కాగితంతో పోల్చుకుంటూ పోయింది. వేణుగోపాల్ గారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు. సుజన నవ్వు ఆపుకుంది. ముప్పావుగంటకు ఏసుమణి తల ఊపి, పద్నాలుగో పేజీలోని ఫంక్షన్ తెరిచి, తాళం పట్టే లైను, చివర వదిలే లైను చేర్చింది. పక్కనే, ఇన్నింటికన్నా ఎక్కువ లెక్కపెట్టక్కర్లేదని ఒక షరతు పెట్టి, మధ్యలోనే తిరిగి వచ్చేట్టు ఇంకో లైను కూడా రాసింది. ఇరవై ఏళ్ళ తర్వాత కోడు టైపు చేస్తున్న వేళ్ళు ఒక్కో అక్షరాన్ని వెతుక్కుంటున్నాయి. కంపైలయింది. నడిపింది.

మొదటిసారి జవాబు వచ్చింది. రెండోసారి మిషన్ కదలకుండా నిలబడిపోయింది.

వేణుగోపాల్ గారు సుజన వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశారు. లేవి గోడకు ఆనుకొని ఉన్నవాడు సర్దుకొని నిలబడ్డాడు. అతని ముఖంలో పాత భయం కనిపించింది. సుజన ముందుకు వంగబోయి ఆగింది. తప్పు ఆమెకు కనిపించింది. చెప్పలేదు.

ఏసుమణి ఎవరి వైపూ చూడలేదు. "ఈ మిషన్ ఏమన్నా చెడిందా?" అంది.

"లేదు."

"మీరేమన్నా మార్చినారా?"

"లేదు."

"అట్లయితే నేనే." తను రాసిన లైన్లను పైనుంచి కిందికి వేలితో దిగుతూ చదివింది. ఒకసారి. రెండుసార్లు. షరతు దగ్గర వేలు ఆగింది. "ఓయమ్మ! ఈడ మధ్యలోనే ఎనిక్కి తిరిగొస్తాండా. పట్టుకున్న తాళం వదలకుండానే! ఇంగ తక్కినోళ్ళందరూ ఆ తాళం కోసం కాసుకొని ఉండాల్సిందే!" అని నెత్తి కొట్టుకొని పకపకా నవ్వింది. సుజన ఆమె నవ్వడం చూడటం అదే మొదలు.

ఒక లైను చేర్చి మళ్ళీ నడిపింది. నడిచింది. మళ్ళీ. మళ్ళీ. ఇరవైసార్లు నడిచాక కూడా ఆపలేదు. అప్పటిదాకా వెనక నిలబడి ఉన్న వేణుగోపాల్ గారు ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"అది సరేమ్మా. ఆ తాళం పట్టుకున్నప్పుడే టైమరు వచ్చి ఆపితే ఏమైతాది?" అని అడిగారు. గొంతులో పరీక్ష పెట్టే ధోరణి లేదు.

ఏసుమణి ఆయన వైపు అనుమానంగా చూసింది. "మీకు తెలిసి అడుగుతాండారా సార్, తెలీక అడుగుతాండారా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "సగం తెలుసు. తక్కిన సగం మర్చిపోయినా."

ఏసుమణి కట్టలోంచి తాళాల పేజీ వెతికి తీసి ఇద్దరి మధ్యా పరిచింది. లేవి టిఫిన్ క్యారియరు విప్పి, చిత్రాన్నం నాలుగు భాగాలు చేయడానికి పేపరు ప్లేట్లు ఎక్కడ దొరుకుతాయని సుజనను అడిగాడు. ఆమె స్టాఫ్ రూమ్ తాళం తీసి, శ్రీవాసవి సొరుగులో ఉన్న ప్లేట్లు తెచ్చింది. రేపు ఆమెకు చెప్పాలనుకుంది. ప్లేట్ల సంగతితోపాటు, చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి.

నాలుగున్నర బస్సుకు వాళ్ళు లేచారు. వేణుగోపాల్ గారు గేటుదాకా వచ్చి, "వచ్చే ఆదివారం గూడ వస్తావామ్మా?" అన్నారు.

"వచ్చే వారం షిఫ్టుండాది సార్. ఆపై వారం వస్తా" అంది ఏసుమణి. వాచ్‌మన్ పుస్తకంలో తన చేత్తోనే పేరు, బయటికి పోయే టైము రాసి, సంతకం పెట్టేముందు పొద్దున లోపలికి వచ్చినప్పుడు పై లైన్లో అతను తన పేరు సరిగ్గా రాశాడా లేదా అని ఒకసారి చూసుకుంది.